లోతు సముద్రపు చేపల్లో పరాన్నజీవులు: సేకరణ నుంచి చుట్టపు చేపల పోలిక దాకా సమగ్ర మార్గదర్శి

ముత్తుకూరు, కాకుటూరు, కావలి, ఒంగోలు వైపు ప్రాజెక్టులు చేస్తున్న విద్యార్థులు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "చేప కడుపులో పురుగులు దొరికాయండీ, ఇప్పుడేం రాయాలి?" పురుగు దొరకడం పెద్ద కష్టం కాదు. అది ఆ చేపలోనే ఎందుకుంది, దాని చుట్టపు చేపల్లోనూ ఉందా, వేరే సముద్రంలో ఉన్న అదే చేపలో ఎందుకు లేదు అన్నవి చెప్పాలంటే మాత్రం కత్తి పట్టకముందే కొన్ని పనులు చేసి ఉండాలి. ఆ పనులు, వాటి వరుస, దారిలో జరిగే పొరపాట్లు ఇక్కడ రాస్తున్నాను.

లోతు సముద్రం అంటే ఇక్కడ 200 మీటర్లు దాటిన లోతు. మన బోటు వాళ్ళ లెక్కలో సుమారు 110 బారలు.

## 1. ముందు ప్రశ్న రాసుకోండి

ఒక పరాన్నజీవి ఒక చేపలో ఉండటానికి పెద్ద కారణాలు మూడు. ఆ చేప వంశానికి అది మొదటినుంచీ అంటిపెట్టుకుని వస్తుండవచ్చు. ఆ చోట ఆ పురుగు బతకడానికి కావాల్సిన నత్తలు, రొయ్య జాతులు, సొరలు, డాల్ఫిన్లు ఉండవచ్చు. లేదా ఆ చేప తినే తిండిలోంచే అది వచ్చి ఉండవచ్చు. ఈ మూడింటినీ విడదీయాలంటే ఒక్క జాతి చేపను, ఒక్క రేవు నుంచి తెచ్చి కోస్తే కుదరదు. కనీసం నాలుగు గుంపులు కావాలి.

- మొదటి గుంపు: మీరు ఎంచుకున్న చేప, మన తీరం నుంచి.
- రెండో గుంపు: అదే కుటుంబంలోని చుట్టపు చేప, మన తీరం నుంచే, వీలైతే అదే వలలోంచి.
- మూడో గుంపు: మొదటి చేపే, కానీ వేరే చోటు నుంచి. విశాఖ వైపు నుంచో, చెన్నై దక్షిణం నుంచో.
- నాలుగో గుంపు: చుట్టరికం లేని చేప. కానీ అదే వలలో, అదే లోతులో పడి, అలాంటి తిండే తినేది.

నాలుగో గుంపును దాదాపు అందరూ వదిలేస్తారు. నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యం. రెండు చుట్టపు చేపల్లో ఒకే పురుగు కనబడగానే "వంశం వల్ల" అని రాసేయడం సులువు. పక్కనే పడిన పరాయి చేపలోనూ అదే పురుగు ఉంటే ఆ మాట నిలవదు.

ఎన్ని చేపలు కావాలి? ఒక పురుగు నిజంగా పది శాతం చేపల్లో ఉంటే, కనీసం ఒక్కసారైనా దాన్ని చూస్తామని 95 శాతం నమ్మకం ఉండాలంటే 29 చేపలు కోయాలి. ఐదు శాతం చేపల్లోనే ఉంటే 59 కావాలి. అందుకే గుంపుకు 30 అనేది కనీస లెక్కగా పెట్టుకోండి. లోతు చేపలు అన్ని దొరకవు, నిజమే. దొరికినన్నే కోయండి. కానీ ఎనిమిది చేపలు కోసి "ఈ పురుగు ఇక్కడ లేదు" అని మాత్రం రాయవద్దు.

## 2. చేప ఎక్కడ దొరుకుతుంది

మైపాడులోనో, కొత్తపట్నంలోనో ఫైబర్ బోటు తెచ్చేది ఎక్కువగా ఒడ్డు దగ్గరి చేప. 300 మీటర్ల లోతు చేప కోసం అక్కడ ఎదురుచూస్తే సెమిస్టర్ అయిపోతుంది. రోజుల తరబడి వేటకు వెళ్ళే ట్రాలర్లు దిగే రేవుల్లో అడగండి. కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు ఒకసారి చూసి, అవసరమైతే చెన్నై కాశిమేడు, విశాఖ ఫిషింగ్ హార్బర్ దాకా వెళ్ళాల్సిందే. లోతు రొయ్య కోసం వల లాగే బోట్లలో రొయ్య ఏరుకున్నాక పక్కన పడేసే చేపల కుప్ప ఉంటుంది. చేపల పొడి కోసం వెళ్ళిపోయే ఆ కుప్పలోనే పొడవాటి ఎలుక తోక లాంటి తోకతో ఉండే మాక్రూరిడ్ చేపలు, పచ్చటి కళ్ళతో మెరిసే క్లోరాఫ్తాల్మస్, పక్కల మీద వెలుగు చుక్కలుండే లాంతరు చేపలు దొరికే అవకాశం ఉంది. భారత మత్స్య సర్వేక్షణ సంస్థ నౌకలకు చెన్నైలో, విశాఖలో స్థావరాలున్నాయి. మీ విభాగం తరఫున ముందుగా లేఖ రాస్తే నమూనాల గురించి అడగవచ్చు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం. వేసవిలో ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్ళకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. మార్చి చివరికల్లా సేకరణ ముగించండి.

చెయ్యి తిరగడానికి సావడ చేపలు మంచివి. చవక, ఎప్పుడూ దొరుకుతాయి, పైగా చుట్టరికానికి చక్కని ఉదాహరణ. మార్కెట్లో "సావళ్ళు" అని ఒకే గంపలో పోసినవాటిలో తరచూ రెండు మూడు ప్రజాతులుంటాయి: ట్రైకియూరస్, లెప్ట్యూరాకాంథస్, యూప్లూరోగ్రామస్. ట్రైకియూరస్ ఒడ్డు దగ్గర నుంచి వందల మీటర్ల లోతు దాకా తిరుగుతుంది. ఇదే కుటుంబంలోని బెంథోడెస్మస్, అఫానోపస్ అసలైన లోతు చేపలు. అంటే ఒక్క కుటుంబంలోనే ఒడ్డు నుంచి అగాధం దాకా మెట్లు దొరుకుతాయి.

## 3. సామాను

ప్రతి సేకరణకు ముందురోజు సాయంత్రం ఈ జాబితా సరిచూసుకోండి.

- థర్మోకోల్ పెట్టె, చేప బరువుకు రెట్టింపు ఐస్. నెల్లూరు ఎండలో చేప బరువుకు సమానంగా వేస్తే చాలదు.
- చేపకొక్క ప్లాస్టిక్ కవరు. చిన్నవీ, పొడవాటివీ రెండూ.
- పెన్సిల్, ట్రేసింగ్ కాగితం ముక్కలు. ఇంకు, బాల్‌పెన్ ఆల్కహాల్‌లో కరిగిపోతాయి.
- లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపిన సెలైన్, ఫ్లాస్కులో చల్లగా. విడిగా కొంచెం సముద్రపు నీరు.
- 70 శాతం, 95 శాతం ఆల్కహాల్. పది శాతం తటస్థ ఫార్మలిన్.
- పెట్రి డిష్షులు, సన్నటి కుంచె, సూదులు, కత్తెర, పొడవు కొలిచే బోర్డు, తూకం.
- స్టీరియో మైక్రోస్కోపు. స్లైడ్లు చూడటానికి కాంపౌండ్ మైక్రోస్కోపు.
- చేతి తొడుగులు, మాస్కు. ఫార్మలిన్ క్యాన్సర్ కారకం. కిటికీలు మూసిన గదిలో దాని మూత తీయవద్దు.

కుంచె చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పురుగును ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే నలిగిపోతుంది. ముద్ద అయిన పురుగుకు పేరు పెట్టలేం.

## 4. రేవులో చేయాల్సిన పని

బోటు డ్రైవర్‌ను చేప దిగుతున్నప్పుడు అడగవద్దు, ఆయన వేలం మీద ఉంటాడు. టీ తాగే వేళ చూసి అడగండి: "అన్నా, ఈ చేప ఎన్ని బారల్లో పడింది? ఏ వైపు? ఎన్ని రోజులైంది?" బారను 1.8తో హెచ్చిస్తే మీటర్లు వస్తాయి. జీపీఎస్‌లో వల వేసిన, లాగిన స్థానాలు ఉంటాయి. ఫొటో తీసుకోనిస్తారేమో అడగండి. చేపలు పట్టే చోటు బయటపెట్టడం వాళ్ళకు ఇష్టం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కనీసం ఏ ఊరికి ఎదురుగా, ఒడ్డు నుంచి ఎంత దూరం, ఎంత లోతు అన్నది రాసుకోండి. వాళ్ళు చెప్పవద్దన్న స్థానాన్ని మీ రిపోర్టులో అచ్చు వేయవద్దు.

ఆ తర్వాత వరుస ఇది:

1. ఏరిన వెంటనే ప్రతి చేపనూ విడి కవరులో పెట్టండి. కుప్పలో ఉన్నంతసేపూ మొప్పల మీది జీవులు ఒక చేప నుంచి ఇంకోదాని మీదకు పాకుతాయి.
2. కవరులోనే పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి: సంఖ్య, తేదీ, రేవు, బోటు, లోతు.
3. ఐస్‌లో పూడ్చండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. గడ్డకట్టిన చేపలో ట్రెమటోడ్లు (ఆకులా చదునుగా ఉండే పురుగులు) పగిలి గుర్తింపుకు పనికిరాకుండా పోతాయి.
4. అదే రోజు కోయండి. వీలుకాకపోతే మరుసటి ఉదయం. బోటులోనే నాలుగైదు రోజులు ఐస్‌లో ఉన్న చేపయితే ఆ సంగతి నోటుబుక్‌లో రాయండి.

ఆలస్యం వల్ల ఇంకో చిక్కు ఉంది. చేప చచ్చాక అనిసాకిస్ అనే గుండ్రటి పురుగు డింభకాలు (పిల్ల దశలు) పేగు చుట్టుపక్కల నుంచి కండలోకి వెళ్ళగలవు. పాత చేపలో "కండలో దొరికింది" అన్న మాటకు అంత విలువ ఉండదు.

## 5. చేప పేరు ఖాయం చేయడం

చేప పేరు తప్పితే మిగతా శ్రమంతా వృథా. చుట్టపు చేపల పోలికలో ఈ తప్పు రెండింతలు కొడుతుంది, ఎందుకంటే చుట్టాలు ఒకదానిలా ఒకటి ఉంటాయి.

సావళ్ళనే చూడండి. కడుపు కింద పొలుసు లాంటి చిన్న రెక్కల గుర్తు ఉండి, పక్కగీత దాదాపు నేరుగా సాగితే యూప్లూరోగ్రామస్. ఆ గుర్తు లేకుండా, కన్ను చిన్నదిగా, మలద్వారం వెనక ముల్లు పెద్దదిగా ఉంటే లెప్ట్యూరాకాంథస్. కన్ను పెద్దదై, పక్కగీత రొమ్ము రెక్క వెనక బాగా కిందికి దిగితే ట్రైకియూరస్. ఇక ట్రైకియూరస్ లెప్ట్యూరస్ అని ప్రపంచమంతా రాసే చేపలోనే వేర్వేరు వంశాలున్నాయని డీఎన్‌ఏ పరిశీలనలు చూపించాయి. కాబట్టి బ్రెజిల్ చేపనూ మన చేపనూ "ఒకే ఆతిథేయి" (పురుగుకు ఆశ్రయమిచ్చే జీవి) అని పోల్చేముందు ఆగండి.

చేయాల్సినవి:

- ఎడమ పక్క మొత్తం కనిపించేలా స్కేలు పెట్టి ఫొటో.
- పొడవు, బరువు. మాక్రూరిడ్ల తోక కొస తరచూ విరిగి ఉంటుంది. వాటికి ముక్కు కొస నుంచి మలద్వారపు రెక్క మొదలు దాకా కొలవండి.
- రెక్క ముక్క ఒకటి 95 శాతం ఆల్కహాల్‌లో. ఫార్మలిన్ తగలకముందే తీయాలి, ఆ తర్వాత డీఎన్‌ఏ సరిగ్గా రాదు.
- ప్రతి జాతి నుంచి కనీసం ఒక చేపను చెక్కుచెదరకుండా దాచండి. పదేళ్ళ తర్వాత ఎవరైనా పేరు మీద అనుమానపడితే చూపించడానికి అదే సాక్ష్యం.

## 6. కోత వరుస

బయటి నుంచి లోపలికి వెళ్ళాలి. వరుస మారితే ఎక్కడిది ఎక్కడ దొరికిందో తెలియకుండా పోతుంది.

చర్మం, రెక్కలు, నోరు. లోతు నుంచి వల లాగేటప్పుడు రాపిడికి పొలుసులతో పాటు బయటి పరాన్నజీవులూ రాలిపోతాయి. అందుకే కవరులో మిగిలిన నీటిని పారబోయకుండా డిష్షులో పోసి చూడండి. చర్మంలోంచి తీగలా వేలాడేది కనిపిస్తే లాగవద్దు. స్ఫిరియాన్ కుటుంబపు కోపిపాడ్లు (రొయ్యల బంధువులైన చిన్న జీవులు) తలను కండలో లంగరులా పాతి, ఒళ్ళు బయట వేలాడదీస్తాయి. లాగితే తల లోపలే ఉండిపోతుంది, గుర్తింపు మొత్తం ఆ తలలోనే ఉంటుంది. చుట్టూ కండ కోసి మొత్తంగా తీయండి.

మొప్పలు. కుడి నాలుగు, ఎడమ నాలుగు విల్లులను విడివిడిగా కోసి, సముద్రపు నీరున్న డిష్షుల్లో పెట్టండి. ఏ విల్లు అన్నది రాయండి. మోనోజీనియన్లు (చేపను కొక్కేలతో పట్టుకునే చదును పురుగులు) వెంట్రుకంత సన్నగా, మొప్ప దారాల మధ్య దాక్కుని ఉంటాయి. సూదితో ఒక్కో దారాన్నీ పక్కకు తోస్తూ చూడాలి. ఈ పనికి చేపకు అరగంట పట్టినా తొందరపడవద్దు. వంశం ప్రశ్నకు మోనోజీనియన్లంత స్పష్టంగా జవాబు చెప్పే గుంపు ఇంకొకటి లేదు.

కడుపు తెరవడం. మలద్వారం నుంచి గొంతు దాకా పైపైన కోయండి. లోతు చేపల్లో ఒత్తిడి తేడాకు గాలితిత్తి పగిలి ఉంటుంది, జీర్ణాశయం నోట్లోంచి బయటకు తన్నుకొచ్చి ఉండవచ్చు. బయటకొచ్చిన జీర్ణాశయంలో తిండీ పురుగులూ సముద్రంలోనే పడిపోయి ఉంటాయి. ఆ చేపను "జీర్ణాశయం లెక్కకు చెల్లదు" అని గుర్తు పెట్టండి, సున్నా వేయవద్దు. కడుపులో ఒక గడ్డ కనబడి, కోస్తే సిరాలాంటి నల్లటి ద్రవం కారితే కంగారు వద్దు. అది సార్కోటాసెస్ అనే కోపిపాడ్.

పిత్తాశయం. ఇది పగలకముందే తీయాలి. ఒక చుక్క పైత్యరసం స్లైడు మీద వేసి, కవర్ స్లిప్ పెట్టి 400 రెట్ల దగ్గర చూడండి. మాక్రూరిడ్ల పిత్తాశయంలో మిక్సిడియం, ఆవర్‌బాకియా లాంటి మిక్సోజోవన్ల (కంటికి కనబడనంత చిన్న పరాన్నజీవుల) సిద్ధబీజాలు ఉంటాయి. తాజాగా ఉన్నప్పుడే ఫొటో తీసి కొలతలు రాయాలి. ఎండాక ఆకారం మారిపోతుంది.

జీర్ణాశయం, పైలోరిక్ సీకాలు (పేగు మొదట్లో ఉండే చిన్న సంచులు), పేగు. మూడింటినీ వేరు చేసి, ఒక్కోదాన్ని పొడవుగా చీల్చి, చల్లటి సెలైన్ ఉన్న సీసాలో వేసి మూతపెట్టి ఊపండి. అడుగుకు దిగనిచ్చి, బియ్యం కడిగిన నీళ్ళు వంపినట్టు పైనీరు వంపేయండి. నీరు తేటపడేదాకా ఇలాగే చేసి, మిగిలిన మడ్డిని కొంచెం కొంచెంగా మైక్రోస్కోపు కింద చూడండి. సెలైన్ చల్లగా ఎందుకంటే, బంగాళాఖాతంలో 500 మీటర్ల దగ్గర నీరు సుమారు 10 డిగ్రీలే. అక్కడ బతికిన పురుగు మన మే నెల గదిలో నిమిషాల్లో పాడవుతుంది.

తిండి ముక్కలనూ రాయండి. రొయ్య గుల్ల, చేప ముల్లు, స్క్విడ్ ముక్కు, నత్తగుల్ల, ఏది కనిపిస్తే అది. తొమ్మిదో భాగంలో దీని అవసరం తెలుస్తుంది.

కాలేయం, అండాశయం, గుండె, కండ. కాలేయాన్ని రెండు గాజు పలకల మధ్య నొక్కి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కండను సన్నటి ముక్కలుగా కోసి అలాగే చూడాలి. కండ ఎక్కువైతే పెప్సిన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర కరిగించి జల్లెడ పట్టవచ్చు. లాంతరు చేపలైతే గుండె వదిలేయవద్దు, కార్డియోడెక్టెస్ అనే కోపిపాడ్ తల అక్కడిదాకా చేరుతుంది.

కోసిన చేప పులుసుకు పనికిరాదు. ఇంట్లో ఎంత అడిగినా ఇవ్వవద్దు, బల్ల మీద ఫార్మలిన్ ఉంది.

## 7. దొరికినవాటిని దాచే పద్ధతి

అన్నిటినీ ఒకే సీసాలో ఫార్మలిన్ పోసి ముంచడం మన కాలేజీల్లో పాత అలవాటు. దానివల్ల ఆకారం కొంత మిగులుతుంది, డీఎన్‌ఏ దాదాపు పోతుంది. ఒక్కో గుంపుకు ఒక్కో పద్ధతి ఉంది.

- ట్రెమటోడ్లు (డైజీనియన్లు): కొద్ది సెలైన్‌లో ఉంచి, మరుగుతున్న సెలైన్ ఒక్కసారి పోయాలి. చాచుకుని చస్తాయి. కొన్నిటిని రంగు వేయడానికి 70 శాతం ఆల్కహాల్‌లో, కొన్నిటిని డీఎన్‌ఏకు 95 శాతంలో పెట్టండి. గాజు పలకల మధ్య అదమవద్దు.
- బద్దెపురుగులు: పెద్దవాటికీ వేడి పద్ధతే. ట్రిపనోరింకా అనే బద్దెపురుగుల డింభకాలైతే తిత్తి చీల్చి బయటకు తీసి, మంచినీటిలో ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచితే ముళ్ళున్న నాలుగు టెంటకిల్స్ (సన్నటి తొండాలు) బయటకొస్తాయి. పేరు పెట్టాలంటే ఆ ముళ్ళ అమరికే ఆధారం.
- ముళ్ళతల పురుగులు: పేగు గోడలోంచి తల తెగకుండా తీసి, మంచినీటిలో రాత్రంతా ఫ్రిజ్‌లో. తొండం పూర్తిగా బయటకొచ్చాకే ఆల్కహాల్‌లో వేయాలి.
- గుండ్రటి పురుగులు: వేడి 70 శాతం ఆల్కహాల్‌లో వేస్తే నిటారుగా అవుతాయి. ఆల్కహాల్‌ను నేరుగా మంట మీద పెట్టవద్దు, వేడినీటి గిన్నెలో పెట్టండి. ఆ తర్వాత లాక్టోఫినాల్‌లోనో గ్లిజరిన్‌లోనో తేటపరచి చూడాలి.
- మోనోజీనియన్లు: వేడినీటితో చంపి ఆల్కహాల్‌లో. ఒకటి రెండిటిని పట్టు కొక్కేలు కనబడేలా నొక్కి స్లైడు చేయండి.
- కోపిపాడ్లు, ఐసోపాడ్లు: నేరుగా 70 శాతం ఆల్కహాల్. చూసేటప్పుడు లాక్టిక్ ఆమ్లం.

గుండ్రటి పురుగుల డింభకాలన్నీ "అనిసాకిస్" కావు. చుట్టచుట్టుకుని కనబడిన ప్రతిదానికీ ఆ పేరు పెట్టే రిపోర్టులు ఎక్కువైపోయాయి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. అన్నవాహిక తర్వాత వచ్చే భాగాన్ని తేటపరచి చూడండి. అక్కడ పొడవాటి జఠరకం (పేగుకు ముందుండే గ్రంథిలాంటి భాగం) మాత్రమే ఉండి, వెనక్కి వేలాడే తోకా, ముందుకు వచ్చే పేగు సంచీ రెండూ లేకపోతే అనిసాకిస్. పేగు సంచి మాత్రమే ఉంటే సూడోటెర్రనోవా, టెర్రనోవా వైపు. రెండూ ఉంటే హిస్టెరోథైలాసియం లేదా కాంట్రాసీకం. ఈ రెంటినీ విసర్జన రంధ్రం విడదీస్తుంది: పెదవుల దగ్గర ఉంటే కాంట్రాసీకం, నాడీ వలయం దగ్గర ఉంటే హిస్టెరోథైలాసియం. జాతి పేరు దాకా వెళ్ళాలంటే డింభకానికి డీఎన్‌ఏ తప్పనిసరి.

చేతులకు తొడుగులు ఉంచుకోండి. అనిసాకిస్ వల్ల కొందరికి ఎలర్జీ వస్తుంది, చచ్చిన పురుగు వల్ల కూడా. వంట సంగతి అడిగేవాళ్ళ కోసం: మన పులుసు ఉడికే వేడికి ఇది బతకదు. పచ్చిగా తినాలనుకుంటేనే మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు గడ్డకట్టించాలి.

## 8. లెక్కలు

మూడు అంకెలు చాలు. ఉదాహరణకు 30 చేపలు కోశారు, 12 చేపల్లో ఒక పురుగు ఉంది, మొత్తం 60 పురుగులు.

- సోకిన శాతం: 12ను 30తో భాగిస్తే 40 శాతం.
- సగటు తీవ్రత: 60ని సోకిన 12 చేపలతో భాగిస్తే 5.
- సగటు సంఖ్య: 60ని మొత్తం 30 చేపలతో భాగిస్తే 2.

రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపేసి "సగటున ఇన్ని" అని రాస్తే ఎవరూ మీ లెక్కను వాడుకోలేరు. ఏ సగటో చెప్పండి.

పురుగులు చేపలన్నిటికీ సమానంగా పంచుకుని ఉండవు. చాలా చేపల్లో సున్నా, రెండు మూడింటిలో కుప్పలు. అందుకే తీవ్రతను పోల్చడానికి మామూలు టీ-టెస్టు వాడవద్దు. సోకిన శాతాలకు ఫిషర్ పరీక్ష, తీవ్రతకు బూట్‌స్ట్రాప్ (ఉన్న నమూనాల్లోంచే మళ్ళీ మళ్ళీ తీసి లెక్కించే పద్ధతి) నమ్మక పరిధులు వాడండి. క్వాంటిటేటివ్ పారాసైటాలజీ అనే ఉచిత ప్రోగ్రాం ఇవన్నీ చేసి పెడుతుంది.

సున్నా వచ్చిన చోట 3ను చేపల సంఖ్యతో భాగించండి. 30 చేపల్లో సున్నా అంటే, నిజమైన సోకిన శాతం సుమారు 10 దాకా కూడా ఉండవచ్చని అర్థం. పట్టికలో "లేదు" బదులు "0/30" అని రాయండి.

## 9. చుట్టపు చేపల పోలిక

అసలు పని ఇక్కడుంది. ఒక పెద్ద కాగితం తీసుకుని, అడ్డంగా నాలుగు గుంపుల చేపలు, నిలువుగా పురుగుల పేర్లు రాయండి. ఒక్కో గడిలో సోకినవి/కోసినవి. ఆ పక్కన రెండు నిలువు గీతలు అదనంగా గీసి, ఆ పురుగు పెద్దదా డింభకమా, దాని జీవితచక్రంలో మధ్యలో ఎవరున్నారు అన్నవి రాయండి. ఈ రెండూ లేకుండా పట్టికను చదవలేం.

చుట్టాలన్నిటిలో ఉండి, పరాయి చేపలో లేకపోతే వంశం వైపు మొగ్గండి. మోనోజీనియన్లలో ఇది తరచూ కనిపిస్తుంది. వాటికి మధ్య ఆతిథేయి అక్కర్లేదు, గుడ్డు నుంచి వచ్చిన డింభకం నేరుగా చేపను వెతుక్కుంటుంది. మాక్రూరిడ్ల మొప్పల మీది డైక్లిడోఫోరిడ్లు ఇలాంటివే. అయినా తొందరొద్దు. ఒక్కో చేప జాతి మీద ఒక్కో పురుగు జాతి ఉంటే, పురుగుల చుట్టరికపు చెట్టూ చేపల చుట్టరికపు చెట్టూ ఒకే ఆకారంలో ఉన్నాయా అన్నది డీఎన్‌ఏతో చూశాకే రెండూ కలిసి విడిపోయాయని చెప్పగలం.

ఆ వలలోని చేపలన్నిటిలో, చుట్టరికంతో పనిలేకుండా ఉంటే తిండి, చోటు వైపు చూడండి. పేగులోని ట్రెమటోడ్లు చాలావరకు ఇలా వస్తాయి. వాటికి మొదట నత్తలాంటి మెత్తటి ఒంటి జీవి (మొలస్కా) కావాలి, తర్వాత తిండి ద్వారా చేపలోకి చేరుతాయి. అందుకే అడుగున మేసే చేపల్లో అవి ఎక్కువ. నీటి మధ్యలో తిరిగే లాంతరు చేపల్లో పెద్ద పురుగులు తక్కువ, డింభకాలే ఎక్కువ. బంగాళాఖాతంలో కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా తక్కువున్న పొర ఉంది. ఆ పొర అడుగును తాకే చోట బతికే నత్తలు, రొయ్య జాతులు వేరు. అందుకే 250 మీటర్ల చేపనూ 700 మీటర్ల చేపనూ ఒకే గుంపులో కలపవద్దు.

డింభకంగా చాలా రకాల చేపల్లో ఉంటే చేపను వదిలి, ఆ పురుగు చివరికి ఎవరిలో పెద్దదవుతుందో చూడండి. అనిసాకిస్ చివరి ఇల్లు తిమింగలాలు, డాల్ఫిన్లు. అనిసాకిస్ సింప్లెక్స్ ఉత్తరపు చల్లటి సముద్రాల్లో, పెగ్రెఫీ మధ్యధరాలో, దక్షిణాన, టిపికా వెచ్చటి సముద్రాల్లో ఎక్కువ. అంటే పటం గీసేది చేప వంశం కాదు, డాల్ఫిన్లూ నీటి వేడీ. ట్రిపనోరింకా డింభకాల సంగతీ అంతే, వాటి చివరి ఇల్లు సొరలు, టేకులు.

ఒకే చేప రెండు చోట్ల వేరుగా ఉంటే ముందు చేపల సైజు చూడండి. పెద్ద చేప ఎక్కువ ఏళ్ళు తిని ఉంటుంది, ఎక్కువ పురుగులు పోగేసుకుని ఉంటుంది. సైజులు సమానమయ్యాక కూడా తేడా ఉంటే అప్పుడు చోటు. నల్ల సావడ అనదగ్గ అఫానోపస్ కార్బోను మడీరా, అజోర్స్, పోర్చుగల్ తీరాల నుంచి తెచ్చి పోల్చినప్పుడు, పురుగులనే ఆనవాళ్ళుగా వాడి ఆ చేపల మందలు వేరా అని చూశారు. మన సావళ్ళకు, బెంథోడెస్మస్‌కు ఇలాంటి పని నెల్లూరు, విశాఖ, నాగపట్నం మధ్య చేయవచ్చు. ఎవరైనా తలపెడితే బాగుండును.

రెండు చేపల పురుగుల జాబితాలు ఎంత కలుస్తాయో చెప్పడానికి జాకార్డ్ సూచిక సులువు. ఒకదానిలో 5 జాతులు, ఇంకోదానిలో 4, రెండింటిలోనూ ఉన్నవి 3 అయితే, మొత్తం వేర్వేరు జాతులు 6. 3ను 6తో భాగిస్తే 0.5. పెద్ద పురుగులకు ఒకసారి, డింభకాలకు ఒకసారి విడిగా లెక్కించండి. కలిపితే డింభకాలు మొత్తాన్నీ మింగేస్తాయి.

## 10. పటం

పటాలు గీసే క్యూజీఐఎస్ ప్రోగ్రాం ఉచితం, తెలుగు అక్షరాలూ వస్తాయి. వల వేసిన చోట చుక్క పెట్టాలి, చేప దిగిన రేవు దగ్గర కాదు. కృష్ణపట్నంలో కొన్న చేప ఒంగోలుకు ఎదురుగా పడి ఉండవచ్చు. సోకిన చోట నిండు చుక్క, కోసి చూసి దొరకని చోట ఖాళీ చుక్క, అసలు చూడని చోట ఏమీ పెట్టవద్దు. ఈ మూడూ వేరుగా కనబడకపోతే ఆ పటం వేటబోట్లు తిరిగిన దారులను మాత్రమే చూపిస్తుంది. పాత రికార్డులు కలపాలంటే ఏ జీవి ఎక్కడ దొరికిందో చెప్పే ఆన్‌లైన్ డేటాబేసులైన ఓబిస్, జీబిఫ్, ఇంకా లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి ఆతిథేయి–పరాన్నజీవుల డేటాబేస్ చూడండి. వాటిని వేరే రంగులో పెట్టండి.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

యూరప్ జీవులకు రాసిన గుర్తింపు పట్టిక (కీ) పట్టుకుని పేరు పెట్టేయడం. డెరోజీన్స్ వారికస్ అనే ట్రెమటోడ్‌ను ప్రపంచమంతా వందకు పైగా చేపల్లో ఉన్న ఒకే జాతిగా ఏళ్ళ తరబడి రాశారు. డీఎన్‌ఏ చూస్తే అందులో ఒకదానిలా ఒకటి కనిపించే పలు జాతులు తేలాయి. ప్రజాతి దాకా నమ్మకం ఉంటే ప్రజాతి పేరు రాసి ఆగండి. అది చిన్నతనం కాదు.

సోకిన చేపలనే నోటుబుక్‌లో ఎక్కించడం. దిద్దుబాటు లేదు. మళ్ళీ కోయాల్సిందే.

చీటీ సీసా బయట అంటించడం. ఆల్కహాల్ ఒలికితే ఊడిపోతుంది. లోపల ఒకటి వేయండి.

పురుగు ముడుచుకుపోయింది. కొలతలు ఇవ్వవద్దు. వేడితో చంపిన కొత్త నమూనా దొరికేదాకా ఆ స్లైడును అవయవాల అమరిక చూడటానికే వాడండి.

ట్రెమటోడ్‌కు రంగు ఎక్కువ పట్టింది. అసిటోకార్మైన్ ముదిరితే 70 శాతం ఆల్కహాల్‌లో ఒక్క చుక్క హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, అంచులు లేతబడేదాకా చూస్తూ ఉండండి. ఆ తర్వాత ఆమ్లం లేని ఆల్కహాల్‌లో కడిగి, 90, 100 శాతాలకు పంపి, లవంగ నూనెలో తేటపరచి, కెనడా బాల్సంలో అమర్చండి.

స్లైడు తెల్లగా మబ్బు పట్టింది. నీరు పూర్తిగా పోలేదు. వెనక్కి 100 శాతం ఆల్కహాల్‌కు తీసుకెళ్ళండి.

## 12. అప్పగింత

పని అయ్యాక స్లైడ్లు గైడు గారి బీరువాలో ఉంచేస్తే, ఆయన రిటైరయ్యాక అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. చెన్నైలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ సముద్ర జీవశాస్త్ర కేంద్రానికి రాసి, నమూనాలు అప్పగించి సంఖ్యలు తీసుకోండి. డీఎన్‌ఏ వరుసలను జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండారంలో పెట్టేటప్పుడు చేప పేరు, లోతు, చోటు కూడా నింపండి. విదేశీ నిపుణుడికి నమూనా పంపాలనుకుంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతులు చూసుకోకుండా కొరియర్ చేయవద్దు.

పంపేముందు ఆఖరి తనిఖీ:

- ప్రతి పురుగు సీసా సంఖ్యా చేప సంఖ్యతో కలుస్తోందా?
- ప్రతి చేపకూ లోతు, వల స్థానం, తేదీ ఉన్నాయా?
- ఏమీ దొరకని చేపలు పట్టికలో ఉన్నాయా?
- చెల్లని జీర్ణాశయాలు సున్నాల్లో కలిసిపోలేదు కదా?
- డింభకాలు, పెద్దవి విడిగా ఉన్నాయా?
- నాలుగో గుంపు, అంటే ఆ పరాయి చేప, పట్టికలో ఉందా?